తేని మండలములో అటవీవిద్యయు, పాఠశాలల పోటీలును

అడవిని గూర్చి పిల్లలకు చెప్పు చదువు రెండు విధములుగా నుండును. అడవిని ప్రేమింపుమని బోధించుట యొకటి. అడవిలో చేయదగిన పనిని నేర్పుట మఱియొకటి. మొదటిది పాటతో, బొమ్మతో, ఉపన్యాసముతో సాధ్యమగును. రెండవది చెట్టు దగ్గఱకు పోయి, దాని బెరడును తాకి, చుట్టుకొలత తీసి, విత్తనము నాటి, ఎండుగడ్డి కోసి నేర్చుకొనవలసినది. మన పాఠశాలలలో మొదటి చదువునకు పోటీలు కలవు, బహుమతులు కలవు. రెండవ చదువు చాలకాలము అటవీశాఖ యుద్యోగులకే పరిమితమై యుండెను. ఈ రెంటి నడుమ నున్న దూరము ఎట్లేర్పడినదో, తేని సీమలోని తెలుగువారి చరిత్రకును దానికిని గల సంబంధ మెట్టిదో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

సీమ స్వరూపము

తేని జిల్లాను మదుర జిల్లానుండి విడదీయుటకు 1996లో ప్రభుత్వాజ్ఞ వెలువడెను. పడమట కేరళ సరిహద్దున పడమటి కనుమలు, ఉత్తరమున పళని కొండలు, దక్షిణమునను తూర్పునను మేఘమలై, వరుషనాడు, ఆండిపట్టి కొండలు. వీని నడుమ కంబం లోయ. వైగై నది పుట్టిల్లు వరుషనాడు కొండలే. 1895లో పెరియారు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, పడమటి సముద్రమునకు పోవలసిన నీరు కొండను తొలిచిన సొరంగముగుండ ఈ లోయలోనికి మరలింపబడినది. 1959లో ఆండిపట్టి సమీపమున వైగై ఆనకట్ట ప్రారంభమైనది. లోయలోని వరిమళ్లును, ద్రాక్షతోటలును, బోడినాయక్కనూరు అంగడికి వచ్చు ఏలకులును ఆ కొండల మీది అడవి నిలిచియున్నంతకాలమే నిలుచునని చెప్పుట అతిశయోక్తి కాదు. 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై ప్రాంతము పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడుటతో ఈ అడవుల విలువ దేశమునకంతటికిని తెలిసినది.

తెలుగువారి రాక

విజయనగర రాజకుమారుడు కుమార కంపన 1371 ప్రాంతమున మదుర సుల్తానుల పాలన నంతమొందించిన పిదప తెలుగువారు దక్షిణమునకు వచ్చుట హెచ్చెను. 1529లో విశ్వనాథ నాయకునితో మదుర నాయక రాజ్యము స్థిరపడెను. ఆ రాజ్యము 72 పాళెములుగా విభజింపబడినదని ప్రసిద్ధి. బోడినాయక్కనూరు, గండమనాయక్కనూరు, ఎరసక్కనాయక్కనూరు అను పేర్లలోని ‘నాయక్క’ శబ్దమే ఆ చరిత్రకు సాక్షి. పెరియకుళము వద్దనున్న వడుగపట్టి గ్రామము పేరును గమనింపదగినది. తమిళులు ఉత్తరమునుండి వచ్చిన తెలుగువారిని ‘వడుగర్’ అని పిలుచుట పూర్వాచారము.

వచ్చినవారిలో పశువుల మందలతో దిగిన రాజకంబళమువారు కలరు, నేలను దున్ని వ్యవసాయము చేసిన కమ్మవారు కలరు, ఇతరులును కలరు. పశువులకు మేతయు, నాగలికి కఱ్ఱయు, ఇంటికి దూలమును అడవియే యిచ్చెను. కావున ఏ మాను ఇరుసునకు పనికివచ్చును, ఏది చెదలు పట్టదు, ఏ యాకు మేకకు మేత, ఏది పుండుకు మందు అను వివేకము ఆ కుటుంబములలో తరతరములుగా నిలిచినది. ఇది పుస్తకములలో చదివినది కాదు, పనిలో పట్టుబడినది. అయితే ఒక సత్యమును మఱువరాదు. ఈ కొండలకు మొదటి గురువులు తెలుగువారు కారు. మేఘమలై, వరుషనాడు, బోడి కొండలలో నివసించు పళియరులు అంతకుముందే తేనె తీయుటలోను, దుంపలు గుర్తించుటలోను నేర్పరులు. అంతేకాక, లోయలో పొలమైన నేల యంతయు ఒకనాటి అడవియే. అడవిని నఱికినవారిలో మన పూర్వులును కలరని ఒప్పుకొనుట చరిత్రకు న్యాయము.

చట్టములు, అడవి బడులు

1856లో చెన్నపురి రాజధానిలో అటవీశాఖ యేర్పడెను. వైద్యుడైన క్లెగ్‌హార్న్ దాని మొదటి యధికారి. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చి, రక్షితారణ్యములకు హద్దులు నిర్ణయింపబడెను. అప్పటినుండి అడవి యనునది అనుమతి పొంది ప్రవేశింపవలసిన స్థలమైనది. కొండ యంచున మేపుకొనుచుండిన రైతుబిడ్డకు అడవితో నుండిన నిత్యపరిచయము క్రమముగా సన్నగిల్లినది. జమీందారుల యడవులు మాత్రము మఱికొంతకాలము వేఱుగా నుండెను. 1948 చట్టముచే జమీందారీలు రద్దగు సమయమున, స్వంత యడవులను ముందుగానే నఱికి యమ్ముకొనకుండుటకై 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టము చేయవలసి వచ్చెను. అడవిని కాపాడుటకు చట్టము కావలసివచ్చిన దనగా, ఆ పాటికే దానిపై జనులకు గల మమకారము తగ్గినదని యర్థము.

చట్టముతోపాటు అడవి బడులు వచ్చెను. 1878లో డెహరాడూనులో అటవీ పాఠశాల నెలకొల్పబడెను. కోయంబత్తూరులో గ్యాస్ అను అధికారి పేర 1902లో అటవీ ప్రదర్శనశాలయు, 1912లో మద్రాసు అటవీ కళాశాలయు వెలసెను. తెలుగు జిల్లాలు నాడు చెన్నపురి రాజధానిలోనివే యగుటచే, ఆ జిల్లాల రేంజరులకును కోయంబత్తూరే గురుకులము. పిమ్మట 1985లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము అటవీశాస్త్రమున పట్టపు చదువు ప్రారంభించెను. ఆ కళాశాల మెట్టుపాళయమున స్థిరపడినది. తెలంగాణ ప్రభుత్వము 2016లో స్థాపించిన అటవీ కళాశాలకు ఈ మెట్టుపాళయము కళాశాలయే నమూనా. తెలుగుదేశమునుండి కోయంబత్తూరు సీమకు సాగిన అటవీవిద్యాసంబంధము నూఱేండ్ల పిదపను తెగిపోలేదని యిందువలన తెలియుచున్నది. తేని జిల్లాలోనే, వైగై ఆనకట్ట వద్ద, అటవీ సిబ్బందికి శిక్షణ నిచ్చు కళాశాల యొకటి కలదు. అడవి కొలత, నారుమడి, నిప్పు నివారణ మున్నగు విద్యలు నేర్పువారు ఇంత చేరువలోనే యున్నారు.

పోటీలు ఎట్లు వచ్చెను

పాఠశాలలకు అడవి మఱల పరిచయమైనది వనమహోత్సవముతో. 1950 జూలైలో కేంద్రమంత్రి కన్నయ్యలాల్ మాణిక్‌లాల్ మున్షీ దానిని ప్రారంభించెను. ప్రతి వానకాలమునను బడి యావరణలో మొక్క నాటుట ఆచారమైనది. అక్టోబరు మొదటి వారమున జరుగు వన్యప్రాణి వారోత్సవము కూడ ఆ దశాబ్దమునందే ఆరంభమైనది. 2001–02లో కేంద్రప్రభుత్వపు జాతీయ హరితదళ పథకము వచ్చి, బడులలో పర్యావరణ సంఘము లేర్పడెను. ఈ సందర్భములలో అటవీశాఖవారును విద్యాశాఖవారును పిల్లలకు పోటీలు పెట్టుచుందురు. చిత్రలేఖనము, వ్యాసరచన, వక్తృత్వము, ప్రశ్నోత్తరి అను నాలుగే వానిలో ముఖ్యములు.

వీనిని తక్కువ చేయుట తగదు. పులిబొమ్మ వ్రాసిన పిల్ల పులిని మఱచిపోదు. కాని ఈ నాలుగింటిలో ఏదియు బాలుని కాలు అడవిలో పెట్టించునది కాదు. చక్కగా మాటలాడువానికి బహుమతి వచ్చును. చక్కగా మొక్క నాటువానికి రాదు. వనమహోత్సవమున నాటిన మొక్కలలో మఱుసటి వేసవికి ఎన్ని బ్రతికినవను ప్రశ్నకు మార్కులు లేవు. పట్టణపు బాలునకు గ్రంథాలయము కలదు. కొండ యంచు పల్లెలో పుట్టిన బాలునకు కన్ను, చేయి, అవ్వతాతల మాట కలవు. పోటీ మొదటివానికే యనుకూలమైనచో రెండవవాడు తనకు తెలిసిన దేదియు చదువు కాదని తలంచును. ఇది చిన్న నష్టము కాదు.

అమెరికా దేశపు ఉదాహరణము

పోటీచేతనే అటవీ నైపుణ్యము నేర్పుట సాధ్యమా యని సందేహము కలుగవచ్చును. అమెరికాలో ఇది చిరకాలముగా జరుగుచున్నది. అచ్చటి బాలచరులకు 1911లోనే అటవీవిద్యకు ప్రత్యేకమైన యోగ్యతాచిహ్న ముండెను. 1928లో స్థాపితమైన భావిరైతుల సంఘము ఉన్నత పాఠశాలల విద్యార్థులకు అటవీపోటీలు నిర్వహించుచున్నది. ‘ఫోర్ హెచ్’ అను బాలబాలికల సంస్థ 1980 నుండి పశ్చిమ వర్జీనియాలో ఏటేట జాతీయ అటవీపోటీ జరుపుచున్నది. చెట్లను గుర్తించుట, కొలుచుట, దిక్సూచితోను అడుగుల లెక్కతోను దారి పట్టుట, పురుగులను తెగుళ్లను పోల్చుకొనుట, కొండల పటమును చదువుట దాని యంశములు. న్యాయనిర్ణేతలు కొలిచిన కొలతకు పిల్లవాని కొలత యెంత దగ్గఱగా నున్నదో చూచి మార్కు లిత్తురు. అచ్చట వాక్చాతుర్యమునకు చోటు లేదు, చెట్టే పరీక్షాధికారి.

వారి పోటీలలో వాడు కొలకఱ్ఱకు ‘బిల్ట్‌మోర్ కఱ్ఱ’ యని పేరు. 1898లో అమెరికాలో మొదటిదిగా వెలసిన బిల్ట్‌మోర్ అటవీ పాఠశాల పేరది ధరించినది. ఇందలి సూత్రము మన పిల్లలు గణితమున నేర్చు సరూప త్రిభుజములే. ఏ పరికరమును కొనకయే మన పిల్లలు చెట్టెత్తు కొలువవచ్చును. చాచిన చేతి పొడవునకు, అనగా కంటినుండి పిడికిలివఱకు గల దూరమునకు, సమానమైన కఱ్ఱను తీసికొని, దానిని నిలువుగా పట్టుకొని వెనుకకు నడువవలెను. కఱ్ఱ అడుగు చెట్టు మొదటితోను, కఱ్ఱ కొన చెట్టు చివరతోను ఏకమైనచోట ఆగవలెను. సమతలమైన నేలపై, అచ్చటినుండి చెట్టువఱకు గల దూరమే చెట్టెత్తు.

చుట్టుకొలతకు నూలుత్రాడు చాలును. మన దేశమున నేలనుండి 1.37 మీటర్ల యెత్తున, అనగా రొమ్ము యెత్తున, కొలుచుట నియమము. కలపకు లెక్క కట్టునప్పుడు చుట్టుకొలతలో నాల్గవ వంతును వర్గించి పొడవుచే గుణించు పద్ధతి కలదు. 120 సెంటీమీటర్ల చుట్టును 5 మీటర్ల పొడవును గల దుంగకు ఈ పద్ధతిని 0.45 ఘనమీటరు వచ్చును. దుంగను నిజమైన స్తంభముగా నెంచి లెక్కించినచో 0.57 వచ్చును. నూటికి ఇరువదియొకటికి పైగా తగ్గుచున్నదన్నమాట; కోతలో పోవు పెచ్చును ముందే తీసివేసిన లెక్క యిది. ఎనిమిదవ తరగతి బాలుడు దీనిని ఒక గంటలో నేర్చును, కలప అమ్ముకొను తండ్రికి ఆ సాయంకాలమే ఉపయోగపడును.

ఒక చెట్టు, రెండు పేర్లు

అటవీపోటీలలో మొదటి యంశము చెట్టును గుర్తించుట యని పైన చెప్పబడినది. ఇచ్చటనే తేని తెలుగు బాలునకు ఇతరులకు లేని కలిమి యొకటి కలదు. ఇంట తెలుగు, బడిలో తమిళము గల బాలునకు చెట్టునకు రెండు పేర్లు వినబడును. వేప – వేంబు, మద్ది – మరుదు, తాండ్ర – తాన్ఱి, ఏగిస – వేంగై అను జంటలు అక్కచెల్లెండ్రవలె పోలియుండును. కానుగ – పుంగు, చండ్ర – కరుంగాలి, ఇరుగుడు – ఈట్టి, నారేప – ఆచ్చా అను జంటలకు పోలిక లేదు. అవి నేర్చియే తెలిసికొనవలెను.

రెండు పేర్లు భారమని కొందఱు తలంతురు. వాస్తవమున నవి తప్పును దిద్దును. తమిళమున ‘పురసు’, ‘పొరసు’ అను మాటలు ఎఱ్ఱని పూలు పూయు మోదుగకును, పసుపు వన్నె గట్టికఱ్ఱ గల బిల్లుడుకును చెల్లుచున్నవి. తెలుగులో మోదుగ మోదుగయే, బిల్లుడు బిల్లుడే. తెలుగున ‘మద్ది’ యన్నచో తెల్లమద్దియా, నల్లమద్దియా యని యడుగవలసివచ్చును. తమిళమున నీటి యొడ్డు చెట్టును ‘నీర్‌మరుదు’ అని స్పష్టముగా చెప్పుదురు. ఒక భాష వదలిన భేదమును మఱియొకటి పట్టుకొనును. రెండును తెలిసిన బాలుడు చెట్టు దగ్గఱకు పోయి మఱల చూచును. ఆకును వెలుతురునకు పట్టి చూచిన బిల్లుడునందు సన్నని నూనెచుక్కలు కనబడును. ఏగిస గాయపడినచో రక్తమువంటి బంక కాఱును. టేకు లేతాకును అరచేత నలిపిన చేయి ఎఱ్ఱబడును. పేరునుండి చెట్టునకును, చెట్టునుండి గుర్తునకును పోవుటయే ఈ విద్య.

తెలుగు పేర్లకు శాస్త్రమునందును గౌరవము కలదు. పదునెనిమిదవ శతాబ్దాంతమున సామర్లకోటలో నుండి తెలుగుదేశపు మొక్కలను పరిశోధించిన రాక్స్‌బర్గ్ వాని తెలుగు పేర్లను గ్రంథస్థము చేసెను. సోమిద మ్రాను శాస్త్రనామమున ‘సోయ్‌మిడా’ అను తెలుగు మాట నేటికిని నిలిచియున్నది. 1852 నాటి బ్రౌను నిఘంటువున పెక్కు చెట్ల పేర్లకు లాటిను పేర్లు చేర్పబడినవి. 1881లో గ్యాంబుల్ ప్రకటించిన భారతీయ కలప గ్రంథమున తెలుగు, తమిళ నామములు ప్రక్కప్రక్కనే యున్నవి. దొరలు చెవియొగ్గి వ్రాసికొనిన మాటలను మన పిల్లలు మఱచుట విచారకరము.

మఱచుటకు కారణములు లేకపోలేదు. తమిళనాడులో 2006 నాటి చట్టముచే మొదటి తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠ్యభాషయై, దశలవారీగా 2015–16 నాటికి పదవ తరగతివఱకు వచ్చెను. అల్పసంఖ్యాక భాషల బడులవారు తమ మాతృభాషా పరీక్షకై న్యాయస్థానముల నాశ్రయింపవలసివచ్చెను. నివసించు నాటి భాష నేర్చుట మన ధర్మము. దానిని గూర్చి తగవు లేదు. ఇంటి భాషను పోగొట్టుకొనుట మాత్రము ధర్మము కాదు. తేని సీమలో పలువురు పిల్లలకు తెలుగు మాటలాడుట వచ్చును, వ్రాయుట రాదు. అట్టి భాషలో మొదట నశించునవి అన్నము, నీరు అను మాటలు కావు. చెట్ల పేర్లు, పురుగుల పేర్లు, పనిముట్ల పేర్లు. వానిని వాడిన వృద్ధులు పోయినచో అడిగి తెలిసికొనుటకు ఆధారము లేదు.

కురంగణి నేర్పిన పాఠము

2018 మార్చి 11వ తేదీన బోడినాయక్కనూరు పైనున్న కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగెను. కొండనడకకు దూరపట్టణములనుండి వచ్చినవారు దానిలో చిక్కుకొని, ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కండ్రు యువతీయువకులు. ఆ దుఃఖమును తేని ప్రజలు మఱువలేదు. ఆ యేడే తమిళనాడు ప్రభుత్వము కొండనడకలకు నిబంధనలు చేసెను.

తప్పెవరిదని విచారించుట ఈ వ్యాసము పని కాదు. కాని అటవీనైపుణ్యము అలంకారము కాదనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు. నిప్పు వాలును బట్టి పైకి వేగముగా ప్రాకును. పైనున్న ఇంధనమును ముందే వేడిచేసి యెండించుటయే దానికి కారణము. మాసి, పంగుని మాసములలో ఎండిన గడ్డి అగ్నికి సిద్ధముగా నుండును. గాలి యెటు వీచుచున్నది, వాలు ఎటున్నది, గడ్డి లేని రాతినేల యెచ్చట, వచ్చిన దారి యేది యను నాలుగు ప్రశ్నలు కొండ యెక్కువాడు ఎల్లప్పుడు తన్ను తా నడుగుకొనవలెను. పటము చదువుటయు, దిక్కు గుర్తించుటయు, నిప్పుగీత యనగా వేసవికి ముందు గడ్డి తొలగించి చేసిన ఖాళీబాట యేదో యెఱుగుటయు ప్రాణమునకు సంబంధించిన చదువులు. వీనికి పోటీ లేకపోవుటయు, నినాదములు వ్రాయుటకు పోటీ యుండుటయు ఆలోచింపదగినది.

చేయదగినది

2022లో తమిళనాడు ప్రభుత్వము హరిత తమిళనాడు ఉద్యమమును ప్రారంభించి, అడవులును చెట్లును గల విస్తీర్ణమును నూటికి 33 పాళ్లకు పెంచ సంకల్పించెను. అందులకు లక్షలకొలది మొక్కలును, వానిని బ్రతికించు చేతులును కావలెను. తేనిలో కమ్మవారు సంగమువంటి తెలుగువారి సంఘములు విద్యాసంస్థలు నడుపుచున్నవి. ఉగాదికో, సంక్రాంతికో జరుగు ఆటలపోటీలకు తోడుగా ఒక అడవిపోటీ పెట్టుట మన సంఘములకు అసాధ్యము కాదు.

దానికి నాలుగు అంశములు చాలును. మొదటిది, ఇరువది చెట్ల ఆకులును కాయలును బల్లపై నుంచి పేర్లు వ్రాయించుట; తమిళమున వ్రాసిన ఒక మార్కు, తెలుగునకూడ వ్రాసిన మఱియొకటి. తెలుగు లిపి రానివాడు నోట చెప్పినను మార్కు ఇయ్యవలెను. అది వానికి అక్షరములు నేర్చు ఆశ కలిగించును. రెండవది, కఱ్ఱతోను త్రాటితోను చెట్టు కొలుచుట. మూడవది, ఆనవాళ్లు పెట్టిన త్రోవలో దిక్సూచితో నడచుట. నాల్గవది యన్నిటికంటె ముఖ్యము: వానకాలమున నాటిన మొక్కను మఱుసటి వేసవి గడచిన పిమ్మట పరీక్షించుట. ఈ యంశమునకు బహుమతి సంవత్సరము తరువాతనే యియ్యబడును. వైగై ఆనకట్ట వద్ద శిక్షణ పొందిన వనరక్షకులు న్యాయనిర్ణేతలుగా వచ్చినచో, పిల్లలు వారిని చూచి భయపడుట మాని గురువులుగా భావింతురు. పళియ పెద్దలును ఆ పీఠమున కూర్చుండుట న్యాయము.

ఇంటిలో నున్న అవ్వతాతలకును ఇందు పాలు కలదు. పోటీకి ముందు పదిదినములు మనుమడు చెట్టుకొమ్మ తెచ్చి “అవ్వా, ఇదే మాను?” అని యడుగును. బడిచదువు లేని ఆమె ఆ పదిదినములు ఉపాధ్యాయిని యగును. మన పూర్వులు ఈ లోయకు వచ్చినపుడు అడవిని తఱిగి పొలము చేసిరి. ఆ ఋణము మనపై నున్నది. అడవి పేర్లను మాత్రము తఱుగనీయక మనకు అప్పగించిరి. ఆ ధనము మనచేత నున్నది. ఆ ధనముతో ఈ ఋణమును తీర్చుకొనుటకు నేటి పిల్లలకు దారి చూపుట పెద్దల కర్తవ్యము.